తోలు పనిలో వాడే పనిముట్లకు తుప్పు: మచ్చను చూసి కారణం పట్టుకోవడం

విశాఖలో సముద్రానికి దగ్గర్లో కూర్చుని బెల్టులు, బ్యాగులు కుట్టేవాడికి తుప్పు కొత్త కాదు. మొదట్లో నేనూ ఉప్పుగాలినే తిట్టుకునేవాణ్ణి. కానీ ఒకే పెట్టెలో పక్కపక్కనే ఉన్న రెండు కత్తుల్లో ఒకదానికే పడుతోంది. గాలి రెండింటికీ ఒకటే కదా! అప్పటినుంచి తుప్పు గీకేముందు అది ఎక్కడ పట్టింది, ఏ ఆకారంలో పట్టింది అని చూడటం అలవాటైంది. చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

తడిపిన తోలు మీద నీలి నలుపు చుక్కలు

దీన్ని ముందు చెబుతున్నాను, ఎందుకంటే ఇక్కడ పాడయ్యేది పనిముట్టు కాదు, సరుకు. అచ్చు వేయడానికి తోలు తడిపి, గూటంతో నాలుగు దెబ్బలు కొడతాం. కాసేపటికి సిరా చిలికినట్టు చుక్కలు తేలతాయి. బూజు అనుకుంటారు కొందరు. తోలు అమ్మినవాణ్ణి తిడతారు ఇంకొందరు.

కారణం ఇనుము. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ లాంటివాటితో ఊనిన, అంటే కుళ్లకుండా శుద్ధి చేసిన తోలులో (షాపుల్లో వెజ్ ట్యాన్ అంటారు) టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. తడి మీద దానికి ఇనుము తగిలితే నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు ఇదే పని కావాలని చేస్తారు. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి, ఆ నీళ్లతో (కసిం అంటారు) గుడ్డ మీద గీస్తారు. గీత నల్లగా లేస్తుంది. వాళ్లకది రంగు, మనకు మచ్చ.

చిక్కేమిటంటే, పనిముట్టు తళతళలాడుతున్నా ఈ మచ్చలు పడొచ్చు. ఓసారి ఏ అచ్చూ తగలని చోట, బెల్టు చివర చుక్కలొచ్చాయి. అరగంట బుర్ర గోక్కున్నాక గుర్తొచ్చింది: పొద్దున అదే బల్ల మీద ఆరెను (తోలుకు రంధ్రం పొడిచే ఇనుప మొనను) ఉప్పు కాగితంతో రుద్దాను. కంటికి ఆనని ఆ ఇనుప రజను చాలు.

మచ్చ పోవాలంటే నిమ్మరసంలో అంతే నీళ్లు కలిపి, మెత్తటి గుడ్డతో తుడవాలి. మచ్చ వరకే తుడిస్తే అక్కడ తెల్లగా తేలి మరో మచ్చవుతుంది, ముక్కంతా తుడవండి. తర్వాత శుభ్రమైన తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి నీడలో ఆరబెట్టాలి. ఇదంతా రంగు, నూనె పట్టించకముందే. ముందు వెయిస్టు ముక్క మీద చూసుకోవడం మంచిది. ఇక ముందు రాకుండా ఉండాలంటే సాన పనికీ అచ్చు పనికీ వేరు వేరు బల్లలు పెట్టుకోవాలి. అది కుదరకపోతే మధ్యలో బల్లను తడిగుడ్డతో తుడవాలి. తోలు తడిపే నీళ్లు ఇనుప బకెట్లో వద్దు, ప్లాస్టిక్ డబ్బా చాలు. క్రోమ్ తోలుకు (క్రోమియం లవణాలతో ఊనినది) ఈ బాధ చాలా తక్కువ.

ఒరలో ఉన్నంత మేరే తుప్పు

కత్తికి పిడి దగ్గర శుభ్రంగా ఉండి, ఒరలో దాగే భాగమంతా గోధుమరంగు తిరిగిందంటే దొంగ ఒరే. తోలు పనివాడు తన కత్తికి తోలు ఒర కుట్టుకోవడం సహజం, నేనూ ముచ్చటగా కుట్టుకున్నాను. కానీ వెజ్ ట్యాన్ తోలుకు పులుపు గుణం ఉంటుంది, పైగా గాల్లో తేమను పీల్చి దాచుకుంటుంది. అందులో నెల రోజులు కత్తి పెడితే తడిగుడ్డలో చుట్టినట్టే. ఒర మోసుకెళ్లడానికే. ఇంట్లో ఉన్నప్పుడు చెక్క దిమ్మకు గాడి పెట్టి నిలబెట్టండి, లేదా నూనె చుక్క రాసిన నూలు గుడ్డలో చుట్టండి.

వేలిముద్ర ఆకారంలో మచ్చ

చెమట. అందులో ఉప్పు ఉంటుంది. కొందరి చేతి చెమటకు ఒక్క రాత్రిలోనే ముద్ర పడిపోతుంది. మే నెలలో మా ఇంట్లో నా కత్తికి పట్టినంత వేగంగా మా తమ్ముడు వాడే కత్తికి పట్టదు. పని దిగేటప్పుడు పొడిగుడ్డతో తుడిచి, నూనె గుడ్డతో మరోసారి తుడిస్తే సరిపోతుంది. అప్పటికే పడిన ముద్ర పైపైనే ఉంటే, మిషన్ నూనె వేసి నున్నటి ఎమరీ కాగితంతో మెల్లగా రుద్దితే వదులుతుంది.

సానపట్టిన గంటకే ఎర్రటి పొర

నీళ్ల సాన మీద రుద్దిన అంచు కొత్త లోహం. దానికి ఏ రక్షణా ఉండదు, నీటి చుక్క నిలిస్తే చాలు. తుడవగానే ఆరిపోయిందనుకోవద్దు, పిడి సందులో నీరు నిలుస్తుంది. హెయిర్ డ్రయర్ గాలి నిమిషం పట్టి, వెంటనే నూనె రాయాలి. సాన నీళ్లలో చిటికెడు చాకలి సోడా వేస్తే తుప్పు నెమ్మదిస్తుంది.

వానాకాలంలో పెట్టెలో అన్నిటికీ సన్న చుక్కలు

అన్నిటికీ ఒకేసారి పడితే తప్పు పెట్టెది, గదిది. ఏసీ గదిలో చల్లబడ్డ ఇనుమును ఉక్కపోతలోకి తెస్తే చల్లటి నీళ్ల గ్లాసుకు పట్టినట్టే చెమ్మ పడుతుంది. ఆ చెమ్మతోనే మూత వేస్తే లోపలే ఉండిపోతుంది. గది వేడికి వచ్చాక తుడిచి మూయండి. పెట్టెలో స్పాంజి పరుపు ఉంటే తీసేయండి, అది తడిని వదలదు. సిలికా జెల్ సంచులు రెండు పడేయండి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే తడి నిండిందని గుర్తు. గింజలను 110-120 డిగ్రీల ఓవెన్లో గంటో రెండు గంటలో ఉంచితే మళ్లీ పనికొస్తాయి. బియ్యం మూట పెట్టమని సలహా ఇస్తారు. నాకు పురుగులు పట్టాయి, తుప్పు ఆగలేదు.

నూనె రాశాక జిగురు, దాని కింద తుప్పు

వంటింటి నూనె వాడారు. వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు గాలికి నెమ్మదిగా బంకలా మారి దుమ్మును పట్టుకుంటాయి. అవిసె నూనె అయితే పెచ్చు కడుతుంది. ఆముదం ఆరిపోదు, చిక్కగా ఉన్నా పలుచగా రాస్తే మంచిదే. నా ఓటు మాత్రం కుట్టు మిషన్ నూనెకే. నెలల తరబడి పక్కన పెట్టేవాటికి కొద్దిగా వాజిలైన్ రాస్తాను. పాత జిగురును కిరసనాయిలు గుడ్డతో తుడవండి, పొయ్యికి దూరంగా. వాడేముందు నూనె పూర్తిగా తుడవకపోతే తోలు మీద ముదురు మరక పడుతుంది, అది పోదు.

గరుకుగా, పొరలుగా పట్టిన పాత తుప్పు

లీటరు నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, పిడి తడవకుండా లోహం మాత్రమే నానబెట్టండి. అరగంటకోసారి తీసి బ్రష్షుతో రుద్ది చూడాలి. రాత్రంతా మరిచిపోతే పులుపు ఉక్కునే తింటుంది. వదిలాక వంట సోడా నీళ్లలో ముంచి, కడిగి, వేడిగాలికి ఆరబెట్టి, అప్పటికప్పుడే నూనె పట్టించాలి. ఉక్కు బూడిదరంగుకు తిరిగితే కంగారొద్దు. తుప్పును పొయ్యి మంట మీద కాల్చొద్దు. అంచు నీలం తేలిందంటే వేడి సుమారు 300 డిగ్రీలకు చేరినట్టు, అప్పటికే పదును నిలిపే గట్టితనం పోయింది. అంచులోనే గుంటలు పడి ఉంటే రుద్దడం దండగ, గుంట దాటేదాకా సానపట్టి కొత్త అంచు తీయాల్సిందే.

రంధ్రాల పంచ్ లోపల తుప్పు, పైన పూత లేవడం

గొట్టం లోపల తడి తోలు బిళ్లలు ఇరుక్కుపోతాయి. పని అయ్యాక సన్న కడ్డీతో తోసేసి, నూనె అద్దిన దూది తిప్పండి. పైన మెరిసే పూత పెచ్చులూడితే మాత్రం అతికించే మార్గం లేదు. తుప్పు పూత కిందకు పాకుతూనే ఉంటుంది. లేచిన పెచ్చు గీకి, నూనె పట్టించి, ఆ పంచ్‌ను ఆరిన తోలుకో నల్ల రంగు తోలుకో కేటాయించాను.