ఇత్తడి రేకు నుంచి బొగ్గు వ్యాగన్: 4 మి.మీ. స్కేలులో ఎచింగ్ కిట్టును కూర్చే పద్ధతి

బ్రిటిష్ రైల్వేస్ వారి 16 టన్నుల బొగ్గు వ్యాగన్‌ను, అసలు బండిలోని ఒక్కొక్క అడుగును 4 మి.మీ.కు కుదించి, ఇత్తడి కిట్టుతో (రేకులో చెక్కి వచ్చే విడిభాగాలతో) నమూనాగా ఎలా కూర్చాలో ఇక్కడ వివరిస్తున్నాను. అసలు వ్యాగన్ చట్రం పొడవు 16 అడుగుల 6 అంగుళాలు, ఇరుసుల మధ్య దూరం 9 అడుగులు. నమూనాలో అవి 66 మి.మీ., 36 మి.మీ. అవుతాయి. ఇంత చిన్న బండిలో అర మిల్లీమీటరు వంకర కూడా కంటికి కనిపిస్తుంది కనుక, పెట్టె మూలమట్టానికి సరిపోయి నాలుగు చక్రాలూ నేలకు ఆనేదాకా అలంకార భాగాల జోలికి వెళ్లకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

ఎచింగ్‌లో రేకుకు రెండు వైపులా రక్షణ పూత వేసి, పూత లేనిచోట లోహాన్ని రసాయనంతో కరిగిస్తారు. రెండు వైపుల నుంచీ కరిగినచోట రేకు తెగిపోతుంది. ఒకవైపే కరిగినచోట సుమారు సగం మందం మిగులుతుంది. ఆ సగం మందపు గాడులే మడత గీతలు, వెనకవైపు కనిపించే చిన్న గుంటలే రివెట్ల గుర్తులు. పెట్టె మీద రివెట్లు ఉన్న కిట్టయితే, భాగాలను రేకు నుంచి విడదీయకముందే, మొన కాస్త మొద్దు చేసిన గీతసూదితో ఆ గుంటలను వెనక నుంచి ఒకే ఒత్తిడితో నొక్కాలి.

భాగాలను విడదీసేటప్పుడు కింద మెత్తని చాప వద్దు. బ్లేడు నొక్కగానే రేకు అందులోకి కుంగి వంగిపోతుంది. గట్టి చెక్క మేలు. భాగాన్ని రేకుకు పట్టి ఉంచిన సన్నని ముక్కల్లో అంచున మిగిలిన మొనలను ఆకురాయితో అంచు పొడవునా రుద్దాలి.

సూచనల్లో వేరుగా చెప్పకపోతే, మడిచినప్పుడు గాడి లోపలివైపుకు రావాలి. రెండు ఉక్కు స్కేళ్ల మధ్య రేకును బిగించి, మడత పొడవంతా ఒక్క ఊపున వంచాలి. నా మొదటి వ్యాగన్‌లో చక్రాలను పట్టి ఉంచే డబ్ల్యూ ఐరన్‌ను తిరగేసి మడిచాను. సరిదిద్దుదామని వెనక్కి వంచగానే అది గాడి వెంట విరిగింది. అప్పటి నుంచి ప్రతి భాగాన్నీ ముందు చిత్రంతో పోల్చి చూశాకే వంచుతున్నాను. మడత సరిగా కుదిరాక గాడిలో కొంచెం టంకం పారిస్తే అది బలపడుతుంది.

టంకం పని ఇత్తడి గిన్నెకు కళాయి వేసినట్టే: లోహం శుభ్రంగా ఉండాలి, వేడి చాలినంత ఉండాలి. అతికే చోటును మెరిసేలా రుద్ది, ఫ్లక్స్ (టంకం పారడానికి తోడ్పడే మందు) రాసి, ముందుగా మూలల్లో మాత్రమే చుక్కలు పెట్టాలి. మూలమట్టంతో చూసి, తేడా ఉంటే ఆ చుక్కను కరిగించి సరిచేయాలి. ఆ తర్వాత లోపలివైపు నుంచి అతుకంతా పారించాలి. రెండు రేకులూ కలిసి వేడెక్కిన క్షణాన టంకం సన్నని వెండి గీతలా మెరిసి సందులోకి పోతుంది. పెట్టెకు 188 డిగ్రీల (సెల్సియస్ వద్ద కరిగే) టంకం, పైన అతికే చిన్న భాగాలకు 145 డిగ్రీల టంకం వాడితే పాత అతుకులు ఊడవు. ఫ్లక్స్ పొగ పీల్చకుండా కిటికీ తెరిచి పనిచేయాలి.

చట్రంలో ఒక ఇరుసు స్థిరంగా, రెండోది మధ్యలో ఒక కీలు మీద అటూ ఇటూ ఊగేలా ఉంటే, పట్టాలు ఎగుడుదిగుడుగా ఉన్నా నాలుగు చక్రాలూ ఆనుతాయి. ఇరుసుల మధ్య దూరాన్ని రెండు పక్కలా కొలిచి సమానమని తేల్చుకున్నాకే అతకాలి. గాజు పలక మీద పెట్టి ప్రతి మూలనూ వేలితో నొక్కి చూడండి.

బ్రేకుల దగ్గర చాలామంది పొరబడతారు. మనం ఏ పక్క నిలబడి చూసినా లీవరు పిడి కుడి చివరనే ఉంటుంది, దాన్ని కిందికి నొక్కితేనే బ్రేకు పడుతుంది. అడ్డ షాఫ్టు మాత్రం ఒకటే కనుక, రెండు లీవర్లూ దాన్ని ఒకే దిశలో తిప్పడానికి ఒక పక్క మోర్టన్ క్లచ్ అనే దిశ మార్చే అమరిక ఉంటుంది. అందుకే రెండు పక్కలా ఒకేలాంటి లీవర్లను అతకడం తప్పు. అసలు బండి ఫోటోలో రెండు పక్కలూ చూసి అమర్చాలి.

తెల్లలోహంతో (తక్కువ వేడికే కరిగే మిశ్రమలోహంతో) పోత పోసిన బఫర్లు, అంటే బండి కొసల్లో తాకిడిని ఆపే భాగాలు, ఇత్తడికి వాడే టంకం వేడికి కరిగిపోతాయి. వాటికి 70 డిగ్రీల టంకం కావాలి. అది ఇత్తడిని నేరుగా పట్టుకోదు కనుక, ఇత్తడి మీద ముందుగా 145 డిగ్రీల టంకంతో కళాయి పూసి, టంకం పెట్టే ఐరన్ వేడి బాగా తగ్గించి అతకాలి.

పని ముగించిన ప్రతి రోజూ గోరువెచ్చని నీళ్లతో, మెత్తని బ్రష్షుతో కడగాలి. మిగిలిన ఫ్లక్స్ ఆమ్లం రాత్రికి రాత్రే పచ్చని చిలుము పట్టిస్తుంది, దాని మీద రంగు నిలవదు. బండి ఆరాక లోహపు ప్రైమర్ పలుచగా కొట్టి, వాక్యూమ్ బ్రేకు (ఇంజను నుంచి పనిచేసే బ్రేకు) లేని వ్యాగన్ అయితే బూడిద రంగు వేయాలి. పక్కల మీది తెల్లని ఏటవాలు పట్టీ, బండి కొస గోడలో తలుపు ఉన్న వైపుకు పైకి లేచేలా ఉండాలి.