ఒకటో నంబరు హెచ్చరిక పడకముందే: ఇంటి కంప్యూటరుకు తుఫాను జాగ్రత్తలు

నెల్లూరు జిల్లాకు అసలు వానాకాలం అక్టోబరు సగం దాటాకే. ఈశాన్య రుతుపవనాలు పట్టుకుంటే డిసెంబరు దాకా వదలవు. సింగరాయకొండ, కొత్తపట్నం తీరానికీ వాయుగుండాల భయం ఈ నెలల్లోనే ఎక్కువ. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, కోవూరు దగ్గర హైవే తెగింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇలాంటి రోజుల్లో ఇల్లు, గొడ్డూగోదా, బియ్యం చూసుకున్నాకే కంప్యూటరు గుర్తొస్తుంది. అందులో తప్పేమీ లేదు. అందుకే దాని పని ఎండ ఉండగానే ముగించి పెట్టుకోవాలి.

వానకు తడిసి పాడయ్యే మిషన్లే కాదు, పోయిన కరెంటు తిరిగొచ్చేటప్పుడు కాలిపోయే మిషన్లూ చాలా. దానికి ఒక పెద్ద కారణం న్యూట్రల్ తీగ, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ. గాలికి కొబ్బరి మట్టో వేపకొమ్మో లైను మీద పడి న్యూట్రల్ తెగిందనుకోండి. మీ ఇంటికి రావాల్సిన 230 వోల్టులు ఇక అక్కడ నిలవవు. ఇరుగుపొరుగు ఇళ్లలో ఏవేవి నడుస్తున్నాయో దాన్నిబట్టి ఒక ఇంట్లో 100కు పడిపోతుంది, ఇంకో ఇంట్లో 400 దగ్గరికి ఎగబాకుతుంది. మీ ఇంట్లో బల్బు కళ్లు చెదిరేలా వెలుగుతూ పక్కింట్లో మినుకుమినుకుమంటుంటే అది న్యూట్రల్ గొడవే. క్షణం ఆగకుండా మెయిన్ దించి, 1912కు ఫోన్ చేయండి.

స్పైక్ గార్డు (కరెంటు పోటును ఆపే ప్లగ్గుల బోర్డు) ఉందిగా అని ధీమాగా ఉండే ఇళ్లు చాలా. దాని లోపల చింతగింజంత బిళ్ల ఒకటి ఉంటుంది, ఎంఓవీ అంటారు. కనురెప్పపాటులో వచ్చిపోయే పోటును అది మింగుతుంది. నిమిషాల తరబడి 400 వోల్టులు వస్తే అదే ముందు కాలుతుంది, తర్వాత మీ కంప్యూటరు. పైగా పోటు మింగిన ప్రతిసారీ అది కొంత అరిగిపోతుంది. నాలుగేళ్ల నాటి స్పైక్ గార్డులో ఎర్ర లైటు వెలుగుతున్నా అది చాలా వాటిలో స్విచ్ లైటే, రక్షణ ఉందనడానికి గుర్తు కాదు. ప్రొటెక్టెడ్ అని విడిగా లైటు ఉన్నవాటిలో ఆ లైటు ఆరిపోతే కొత్తది కొనాలి. న్యూట్రల్ తెగినప్పుడు కాపాడేది వేరే వస్తువు: మీటరు బోర్డులో ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) పక్కన బిగించే ఓవర్ వోల్టేజి, అండర్ వోల్టేజి కట్ఆఫ్. సుమారు 270 దాటినా, 170 కంటే పడినా అదే లైను తెంపేస్తుంది, సరిగా వచ్చాక కాసేపు ఆగి కలుపుతుంది. టీవీ, ఫ్రిజ్జు, కంప్యూటరు ఉన్న ఇంటికి ఈ కాలంలో ఒక్క పరికరమే కొనగలిగితే ఇదే కొనండి.

ఎర్తింగు సంగతి సెప్టెంబరులోనే తేల్చుకోవాలి. ఎర్తు లేకపోతే స్పైక్ గార్డు పని పూర్తిగా జరగదు. తీరం ఊళ్లలో ఉప్పు గాలికి, ఉప్పు నేలకు ఎర్తు రాడ్డు దగ్గర నట్లు, తీగ కొసలు పదేళ్లలో పొడిపొడి అవుతాయి. పైకి ఆకుపచ్చ తీగ కనబడుతుంది, లోపల అది దేనికీ తగిలి ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కంప్యూటరు సాకెట్టు దగ్గరే మీటరుతో చూపించమనండి. ఫేజుకు (కరెంటు వచ్చే తీగకు) న్యూట్రల్‌తో ఎంత వస్తుందో, ఎర్తుతోనూ దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులు ఉంటే ఫరవాలేదు, ఐదు దాటితే వెతకాలి. మీటరు ఒక్కోసారి లేని ఎర్తును కూడా ఉన్నట్టు చూపిస్తుంది. కాబట్టి ఫేజు, ఎర్తుల మధ్య 100 వాట్ల పాత రకం ఫిలమెంటు బల్బు కూడా పెట్టి చూడమనండి. అది నిండుగా వెలగాలి. ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తులోకి లీకైతే లైను తెంపే స్విచ్) ఉన్న ఇంట్లో ఈ పరీక్షకు అదే పడిపోతుంది, భయపడక్కర్లేదు. ఈ రెండు పరీక్షలూ ఇంట్లోవాళ్లు చేయాల్సినవి కావు. మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్టులో దూర్చడం మాత్రం మీరే మానుకోగలరు.

ఇన్వర్టరు ఉన్న ఇంట్లో కరెంటు పోగానే కంప్యూటరు ఆగి మళ్లీ మొదలవుతుంటే ఇన్వర్టరు వెనక చూడండి. యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో లైను మారడానికి 40 మిల్లీసెకన్ల దాకా పట్టొచ్చు. కంప్యూటరు లోపలి పవర్ సప్లై పెట్టె (ఎస్‌ఎంపీఎస్) దాదాపు 16 మిల్లీసెకన్లే ఓర్చుకుంటుంది. యూపీఎస్ మోడ్‌లో ఉంచితే చాలాసార్లు సరిపోతుంది. విడిగా 600 వీఏ యూపీఎస్ ఉంటే అందులో 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. కొత్తప్పుడు పది, పదిహేను నిమిషాలు ఆపుతుంది, రెండు మూడేళ్లకు నీరసిస్తుంది. పనులన్నీ సేవ్ చేసి, గోడ దగ్గర యూపీఎస్ స్విచ్ ఆపి గడియారం చూడండి. మూడు నిమిషాలు కూడా రాకపోతే బ్యాటరీ మార్చండి. లేజర్ ప్రింటరు యూపీఎస్‌కు తగిలించకండి, వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటుకు యూపీఎస్ కూలబడుతుంది.

ఇక కంప్యూటరు లోపల ఉన్న ఫైళ్లు. కృష్ణపట్నం పోర్టులో ఒకటో నంబరు హెచ్చరిక పెట్టారంటే సముద్రంలో ఎక్కడో దూరాన అల్పపీడనమో వాయుగుండమో ఉందని అర్థం, మన ఒడ్డుకు ఇంకా ముప్పు లేదు. ఆ వార్త వినేసరికి కాపీలు పూర్తయి ఉండాలి. అప్పుడు మొదలుపెడితే చాలదు, లెక్క చూడండి: 50 జీబీ ఫొటోలను 10 ఎంబీపీఎస్ అప్‌లోడు ఉన్న నెట్టులో ఎక్కించడానికి ఆగకుండా 11 గంటలు పడుతుంది. నడుమ కరెంటు పోతే రాత్రంతా పోయినట్టే. అందుకే మొదటి కాపీ బయటి హార్డ్ డిస్కుకు, అది నిమిషాల పని. రెండో కాపీ నెట్టులోకి, వారం ముందే. ఆ డిస్కును కంప్యూటరుకు తగిలించి వదిలేస్తే పిడుగుకు రెండూ పోతాయి. తీసి బీరువా పైఅరలో, రెండు పొరల మందపాటి ప్లాస్టిక్ కవరులో పెట్టండి. పాత చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేస్తే తేమ తగ్గుతుంది. పెన్‌డ్రైవ్ మోసుకెళ్లడానికి బాగుంటుంది, ఏళ్ల తరబడి దాచడానికి నమ్మకం లేనిది.

ఏవి కాపీ చేయాలో మరిచిపోతుంటారు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అందరికీ తెలిసినవే. రొయ్యల మేత డీలరుషిప్పో రైసు మిల్లో లెక్కలు ఇంటి కంప్యూటరులోనే చూసుకునేవారి టాలీ (లెక్కల సాఫ్ట్‌వేరు) డేటా మాత్రం ఈ మూడింటిలో ఉండదు. అది సి డ్రైవులో వేరే ఫోల్డరులో ఉంటుంది. టాలీప్రైమ్‌లో ఆల్ట్, వై నొక్కి డేటా మెనూలో బ్యాకప్ ఎంచుకుని, బయటి డిస్కులో ఫోల్డరు చూపించండి. కాపీ అయ్యాక ఆ డిస్కును ఇంకో కంప్యూటరులో పెట్టి రెండు ఫొటోలు, ఒక పీడీఎఫ్ తెరిచి చూడండి. తెరుచుకోని కాపీ లెక్కలోకి రాదు.

ఒక చిక్కు చాలామందికి మిషన్ పోయాకే తెలుస్తుంది. కొత్త ల్యాప్‌టాపుల్లో విండోస్ 11 తనంతట తానే డిస్కుకు తాళం వేసి ఉంచుతుంది. మదర్‌బోర్డు కాలితే డిస్కు తీసి వేరేచోట తగిలించినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డేటా ఎవరూ తీయలేరు, ఎంత డబ్బిచ్చినా. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే మైక్రోసాఫ్ట్ అకౌంటులో డివైసెస్ కింద ఆ కీ దొరుకుతుంది. కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు దాచండి. దాన్ని అదే ల్యాప్‌టాప్‌లో ఫొటోగా దాచితే ఏం లాభం?

ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, బండి ఆర్‌సీ వంటివి ప్రభుత్వ యాప్ అయిన డిజీలాకరులో ఇష్యూడ్ విభాగంలోకి తెచ్చుకోండి. వాటికి చట్టప్రకారం అసలు పత్రంతో సమానమైన విలువ ఉంది. మీరు ఫొటో తీసి అప్‌లోడ్ చేసిన వాటికి ఆ విలువ లేదు.

ఫోన్లకు చేయాల్సింది కొద్దిగానే. 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు నుంచి చేతికి వచ్చేది 6,000 వరకే, అంటే 5,000 ఎంఏహెచ్ ఫోను ఒక్కసారి నిండుతుంది. సిగ్నలు బలహీనంగా ఉంటే ఫోను టవరు కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తాగేస్తుంది. కబుర్లు చూసుకునే వేళ తప్ప ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి. పెద్ద తుఫానులప్పుడు ప్రభుత్వం ఆదేశిస్తే ఒక కంపెనీ సిమ్ము ఇంకో కంపెనీ టవరు మీద పనిచేస్తుంది. దానంతటది పట్టుకోకపోతే మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ తీసేసి, జాబితాలో కనబడేవి ఒక్కొక్కటే నొక్కి చూడండి. నెట్టు లేకపోయినా మాట్లాడే సిగ్నలుంటే, ముందే నమోదు చేసుకున్నవారికి *99# నొక్కి 5,000 రూపాయల దాకా యూపీఐ పంపే వీలుంది. అయినా చేతిలో నాలుగు రోజుల ఖర్చుకు నోట్లు ఉంచుకోవడమే మేలు. 112 (అత్యవసరం), 1070 (రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూము), 1912 (కరెంటు), 1930 (సైబర్ మోసాలు) అనే నాలుగు నంబర్లు, బంధువుల నంబర్లు కాగితం మీద రాసి గోడకు అంటించండి.

మూడో నంబరు హెచ్చరిక అంటే పోర్టుకే గాలివాన తగలవచ్చని. ఆ పూటే షట్‌డౌన్ చేసి తీగలు పీకేయాలి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు గోడ నుంచి బయటికి రావాలి. సమీపంలో పడిన పిడుగు స్విచ్ సందును లెక్కచేయదు. కరెంటు తీగతో పాటు ఇంకా రెండు దారులున్నాయి. డిష్ నుంచి టీవీకి వచ్చే కేబులు, దాని నుంచి హెచ్‌డీఎంఐ మీదుగా కంప్యూటరు. రెండోది వీధి పెట్టె నుంచి నేరుగా వచ్చే రాగి లాన్ (ఇంటర్నెట్) తీగ. పిడుగుకు రౌటరు, దానితో పాటు కంప్యూటరు లాన్ పోర్టు పోవడానికి అదే దోవ. ఫైబరు గాజుపోగులో కరెంటు పారదు, కానీ తీగకు బలం కోసం పక్కన ఇనుప పోగు ఉండే రకాలున్నాయి. రౌటరు దగ్గర ఫైబరు కొసన ఉన్న ఆకుపచ్చ కనెక్టరు మెల్లగా తీసి మూత పెట్టండి, గట్టిగా వంచకండి, తీగను చుట్టగా చుడితే పిడికిలికన్నా చిన్నగా చుట్టకండి. ఉరుములు నెత్తిమీదికి వచ్చాక ఇవేవీ ముట్టుకోవద్దు, అప్పటికి ఎలా ఉన్నవి అలాగే ఉండనీయండి. కాలువ పక్కన, పల్లపు వీధుల్లో ఉన్నవారు సీపీయూను నేలమీద ఉంచకుండా అటకెక్కించండి. మిద్దె కారుతుందనుకుంటే పైన ప్లాస్టిక్ కప్పండి.

కరెంటు వచ్చిందని ఎగబడొద్దు. మొదట ఒక్క బల్బు, తర్వాత ఫ్యాను, పావుగంట నిలకడగా ఉంటే ఫ్రిజ్జు, ఆఖరున కంప్యూటరు. నాలుగు రోజులు తేమలో ఉన్న గదిలో ఫ్యాను ఒక పూట తిప్పాకే మిషన్ ఆన్ చేయండి. రౌటరులో ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా కొట్టుకుంటుంటే ఫైబరు నుంచి సిగ్నలు రావడం లేదని అర్థం. రీసెట్ గుంతలో పిన్ను గుచ్చితే మీ సెట్టింగులు పోవడం తప్ప ఫలితం ఉండదు.

నీళ్లలో తడిసిన ల్యాప్‌టాప్‌ను బతికిందో లేదో చూడ్డానికి పవర్ బటన్ నొక్కడమే దాన్ని చంపడం. బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే తీసి, తెరిచి బోర్లించి, రెండు మూడు రోజులు గాలికి ఉంచి మెకానిక్‌కు ఇవ్వండి. బియ్యం డబ్బాలో పెడితే తవుడు, దుమ్ము పోర్టుల్లో చేరుతుంది. బురద నీళ్లలో మునిగిన హార్డ్ డిస్కు విషయం వేరు: అందులో డేటా కావాలంటే ఆరబెట్టకండి. ఆరితే బురద లోపలి పళ్లేల మీద గట్టిపడుతుంది. తడిగానే గాలి చొరని కవరులో పెట్టి డేటా రికవరీ చేసేవారికి పంపాలి.

గాలివాన తగ్గిన వారం పది రోజులు ఫోన్లకు మోసాల గాలి వీస్తుంది. బిల్లు కట్టలేదు, ఈ రాత్రి కరెంటు తీసేస్తాం, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని మెసేజి. తుఫాను సాయం లబ్ధిదారుల జాబితా అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (నొక్కితే యాప్ ఎక్కించే ఫైలు). జాబితా ఎప్పుడూ యాప్‌గా రాదు. అది ఇన్‌స్టాల్ అయితే మీ మెసేజిలు చదివే అనుమతి అడుగుతుంది, ఇచ్చారంటే ఓటీపీలన్నీ అవతలివాడికే. డబ్బు మీకు రావడానికి యూపీఐ పిన్ను ఎప్పుడూ అక్కర్లేదు. బిల్లుల సంగతి తెలుసుకోవాలంటే మీ పాత బిల్లు మీదున్న సర్వీసు నంబరుతో 1912ను అడగండి.

ఇన్‌స్టాల్ అయిపోయిందా, వెంటనే ఫ్లైట్ మోడ్ పెట్టి వైఫై కూడా ఆపండి. ఇంట్లో ఇంకొకరి ఫోనుతో బ్యాంకుకు చెప్పి ఖాతా, కార్డు, యూపీఐ ఆపించండి. డబ్బు పోతే ఆలస్యం లేకుండా 1930కు చేయండి. ఎంత పోయింది, ఏ సమయానికి, యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే నంబరు) ఎంత అని అడుగుతారు, బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గర పెట్టుకోండి. పాస్‌వర్డులు ఆ ఫోనులోంచి కాకుండా వేరే దానిలోంచి మార్చండి. ముఖ్యమైనవి కాపీ చేసుకుని ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేశాకే మళ్లీ అందులో బ్యాంకు యాప్ పెట్టుకోండి.