తొమ్మిది వేల అడుగుల ఎత్తులో టెంట్: ఇన్యో నేషనల్ ఫారెస్ట్‌లో క్యాంపింగ్

కాలిఫోర్నియా తూర్పు అంచున, సియెరా నెవాడా కొండల అవతలి వైపు, 395 హైవే పొడవునా పరుచుకున్న అడవి ఇన్యో. బే ఏరియా తెలుగువాళ్ళలో చాలామంది యోసెమిటీ చూసి వెనక్కి తిరిగేస్తారు. టయోగా పాస్ దాటి అవతలికి దిగితే లీ వైనింగ్, జూన్ లేక్, మామత్ లేక్స్, బిషప్, లోన్ పైన్ వరసగా తగులుతాయి. కొండ వైపున్న క్యాంప్‌గ్రౌండ్లు చాలావరకు 7,500 నుంచి 10,000 అడుగుల మధ్య ఉంటాయి. సముద్రతీరంలో క్యాంపింగ్ చేసి నేర్చుకున్న అలవాట్లు ఈ ఎత్తులో పనిచెయ్యవు. నిద్ర, వంట, ఊపిరి, మూడూ తేడా కొడతాయి. కాబట్టి ఏ నిర్ణయం తీసుకున్నా ముందు చూడాల్సింది ఆ చోటు ఎన్ని అడుగుల ఎత్తులో ఉందన్నదే.

ఎప్పుడు, ఎక్కడ

జులై మధ్య నుంచి సెప్టెంబర్ ఆఖరు దాకా మంచి కాలం. జూన్‌లో పైన ఇంకా మంచు ఉంటుంది, అది కరిగిన చోటల్లా దోమలు. టయోగా రోడ్డు మంచు వల్ల శీతాకాలమంతా మూసేస్తారు. మే ఆఖర్లో తెరిచిన ఏళ్ళున్నాయి, జులై దాకా తెరవని ఏళ్ళూ ఉన్నాయి. అది మూసి ఉంటే సోనోరా పాస్ తెరిచి ఉందేమో చూసుకోవాలి. అదీ 9,600 అడుగుల పైనే, అదీ శీతాకాలంలో మూతపడేదే.

రిజర్వేషన్ ఉన్న టెంట్ సైట్లు రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో చాలావరకు ఆరు నెలల ముందు తెరుచుకుంటాయి. వేసవి శనివారాలు అలా తెరిచీ తెరవగానే అయిపోతాయి. కొన్ని సైట్లు ముందొచ్చినవాళ్ళకి ముందు. శుక్రవారం మధ్యాహ్నం ఫ్రీమాంట్‌లో బయల్దేరితే అవి మీకు దక్కవు, బుధ, గురువారాల్లో చేరితేనే ఆశ. మామూలు సైటుకి సాధారణంగా ఆరుగురు, రెండు కార్లు పరిమితి. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్తుంటే గ్రూప్ సైట్ తీసుకోండి. ఒక్క సైట్ బుక్ చేసి పదహారుమంది దిగితే క్యాంప్‌గ్రౌండ్ చూసుకునే హోస్ట్ వచ్చి లేపుతాడు, ఆ తప్పు ఆయనది కాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు చప్పుడు ఉండకూడదు. బ్లూటూత్ స్పీకర్‌కి కూడా ఇది వర్తిస్తుంది.

యోసెమిటీ లాంటి నేషనల్ పార్క్‌లో కారుతో వెళ్ళి టెంట్ వెయ్యాలంటే క్యాంప్‌గ్రౌండే గతి. నేషనల్ ఫారెస్ట్‌లో మాత్రం మట్టిరోడ్ల పక్కన, అనుమతి ఉన్నచోట, ఉచితంగా టెంట్ వేసుకోవచ్చు. దీన్ని డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటారు. నీళ్ళుండవు, టాయిలెట్ ఉండదు, చెత్తకుండీ ఉండదు, సాధారణంగా 14 రోజులకు మించి ఉండనివ్వరు. ఏ రోడ్ల పక్కన కుదురుతుందో బిషప్, మామత్ లేక్స్, లోన్ పైన్‌లలోని విజిటర్ సెంటర్లలో అడిగితే చెప్తారు. మ్యాప్ అక్కడే ఫోన్‌లోకి దించుకోండి, పైకి వెళ్ళాక సిగ్నల్ దొరకదు.

మొదటి రాత్రి కిందే

పొద్దున సముద్రమట్టంలో టిఫిన్ తిని, సాయంత్రం 9,600 అడుగుల రాక్ క్రీక్ లేక్ దగ్గర పడుకుంటే తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం మామూలే. మొదటి రాత్రి జూన్ లేక్ లేదా కాన్విక్ట్ లేక్ దగ్గర ఉండండి. రెండూ 7,600 అడుగుల చుట్టుపక్కలే. ఇంకా కింద కావాలంటే బిషప్ ఊరు 4,150 అడుగుల దగ్గర ఉంది. నీళ్ళు బాగా తాగాలి, మొదటి రోజు మద్యం ముట్టుకోకూడదు. తలనొప్పికి వాంతులు తోడైతే, నడక తూలితే, కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే పొద్దుటిదాకా ఆగొద్దు. అప్పుడే కారెక్కించి రెండు మూడు వేల అడుగులు కిందికి దించి, ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

వేసవిలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు, వాళ్ళకి గుండె, బీపీ సమస్యలుంటే ముందుగా డాక్టర్‌ని అడగాలి. అలాంటప్పుడు రాత్రికి ఊళ్ళో గది, పగలు చెరువు దగ్గర షికారు అనుకుంటే అందరికీ హాయి.

టెంట్ వేసే చోటు

చదునుగా, గట్టిగా, ఇదివరకే ఎవరో వాడి గడ్డి పోయిన చోటు వెతకండి. చెరువు ఒడ్డు, పచ్చిక బయలు కంటికి బాగుంటాయి కానీ రాత్రి చల్లగాలి బరువెక్కి పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది. కాస్త మెరకలో వేస్తే చలీ తగ్గుతుంది, పొద్దున టెంట్ మీద మంచూ తగ్గుతుంది. డిస్పర్స్‌డ్ క్యాంపింగ్‌లో నీటికి 200 అడుగుల దూరం, అంటే దాదాపు 70 పెద్ద అంగలు, పాటించండి. ఆ తర్వాత తలెత్తి చూడండి. ఎండిన పైన్ చెట్టు గానీ, విరిగి వేలాడే కొమ్మ గానీ ఉంటే ఆ చోటు ఎంత బాగున్నా వదిలెయ్యాలి.

ఇక్కడి నేల గ్రానైట్ పొడి. పైన ఇసుకలా ఉంటుంది, నాలుగు అంగుళాల కింద రాయి తగులుతుంది. టెంట్‌తో పాటు వచ్చే సన్న తీగ మేకులు వంగిపోతాయి, ప్లాస్టిక్‌వి విరుగుతాయి. ఇంగ్లిష్ వై అక్షరం ఆకారంలో ఉండే అల్యూమినియం మేకులు పన్నెండు, ఒక చిన్న సుత్తి పట్టుకెళ్ళండి. మేకు తల టెంట్‌కి ఎడంగా వాలి ఉండాలి. మేకు అసలు దిగకపోతే, తాడు చివర పిడికెడు రాయికి కట్టి నేల మీద పెట్టి, దానికి టెంట్ వైపున తాడు మీద ఒక పెద్ద బండ పెట్టండి. గాలి లాగినప్పుడు చిన్నరాయి వచ్చి బండకి తన్ని ఆగుతుంది.

కింద పరిచే టార్ప్ టెంట్ అడుగుకన్నా అన్ని వైపులా రెండు మూడు అంగుళాలు చిన్నదిగా ఉండాలి. బయటికి వచ్చిన అంచుని లోపలికి మడిచెయ్యండి. వర్షం పడితే బయటికున్న టార్ప్ నీళ్ళు పట్టి నేరుగా టెంట్ కిందికి చేరుస్తుంది. "టెంట్ కారింది" అనే ఫిర్యాదులు చాలావరకు ఇక్కడ పుట్టినవే. మిగతావి ఊపిరి తేమవి. చలికి భయపడి గాలి కన్నాలన్నీ మూసేస్తే నలుగురి ఊపిరీ ఫ్లై (టెంట్ మీద కప్పే పై గుడ్డ) లోపలి వైపు నీరై, పొద్దున మీదే చుక్కలు చుక్కలుగా పడుతుంది. పై వెంట్లు తెరిచే ఉంచండి. సాయంత్రం గాలి లేకపోయినా తాళ్ళన్నీ కట్టండి. నైలాన్ ఫ్లై తడిస్తే వదులవుతుంది కాబట్టి పడుకునే ముందు ఒకసారి బిగించండి.

నిద్ర: డబ్బు పెట్టాల్సింది కింద పరుపు మీద

వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు 3.5 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది. బిషప్‌లో మధ్యాహ్నం 95 ఉన్న రోజున 9,000 అడుగుల దగ్గర తెల్లవారుజామున 40ల్లోకి, ఒక్కోసారి 30ల్లోకి దిగడం ఆశ్చర్యం కాదు. సెప్టెంబర్‌లో నీళ్ళ సీసాలో పొద్దున మంచు పెచ్చు కనిపిస్తుంది.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు పెద్ద టెంట్ కొని, ఇంట్లో చుట్టాలొస్తే వేసే గాలిపరుపు పట్టుకెళ్తారు. ఎనిమిది అంగుళాల మందం చూసి వెచ్చగా ఉంటుందనుకుంటారు. లోపల ఉన్నది ఒట్టి గాలి. అది తిరుగుతూ ఒంట్లో వేడిని నేలకి చేరవేస్తుంది. పైగా రాత్రి చలికి గాలి కుంచించుకుని పరుపు మెత్తబడుతుంది. క్యాంపింగ్ ప్యాడ్ మీద ఆర్-వాల్యూ అని, నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె ఉంటుంది, ఇక్కడికి 4 లేదా ఆ పైన కావాలి. ఒక్క ప్యాడ్‌తో అంత రాకపోతే కింద ఒక క్లోజ్డ్-సెల్ ఫోమ్ చాప వెయ్యండి, ఆర్-వాల్యూలు కలుస్తాయి. గాలిపరుపు తప్పదనుకుంటే ఫోమ్ చాపని దాని మీద, ఒంటికి దగ్గరగా పరవండి.

స్లీపింగ్ బ్యాగ్ మీద 30 అని రాస్తే ఆ చలిలో హాయిగా నిద్రపడుతుందని కాదు. తరచు అది లోయర్ లిమిట్, అంటే ముడుచుకుని పడుకుంటే ఎలాగో గడిచే చలి. లేబుల్ మీద కంఫర్ట్ అంకె చూసుకోండి. చలికి తట్టుకోలేనివాళ్ళకి కంఫర్ట్ 25 నుంచి 30 మధ్య ఉన్నది సరిపోతుంది. పగలు వేసుకున్న బట్టల్లో చెమట ఉంటుంది, వాటితో పడుకోవద్దు. పొడి సాక్స్, ఉన్ని టోపీ వేరుగా ఉంచుకోండి. జీన్స్, కాటన్ స్వెట్‌షర్ట్ తడిస్తే ఆరవు. గట్టి ప్లాస్టిక్ సీసాలో వేణ్ణీళ్ళు పోసి, మూత బిగించి, సాక్స్‌లో దూర్చి కాళ్ళ దగ్గర పెట్టుకుంటే చాలాసేపు వెచ్చగా ఉంటుంది. ముఖం బ్యాగ్ లోపలికి పెట్టి ఊపిరి వదిలితే లోపలంతా తేమ చేరుతుంది.

టెంట్‌లో స్టవ్ గానీ, బొగ్గుల కుంపటి గానీ పెట్టకండి, వరండాలో కూడా వద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన లేదు.

వంట: కందిపప్పు ఇంట్లోనే వదలండి

9,000 అడుగుల దగ్గర నీళ్ళు 91 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి. ఎంత మంట పెట్టినా అంతకన్నా వేడెక్కవు. కందిపప్పు మామూలు గిన్నెలో గంటన్నర ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది, గ్యాస్ మాత్రం అయిపోతుంది. పప్పు కావాలంటే రెండు మూడు లీటర్ల చిన్న కుక్కర్ తీసుకెళ్ళండి. అరగంట నానబెట్టిన పెసరపప్పు, ఇంట్లో కన్నా రెండు విజిల్స్ ఎక్కువ. అన్నానికి బియ్యం అరగంట నానబెట్టి, గ్లాసుకి పావు గ్లాసు నీళ్ళు అదనంగా పోసి, దించాక పది నిమిషాలు మూత తియ్యకండి.

ఇంకా తేలిక దారి: పులిహోర పులుసు ఇంట్లోనే పోపు పెట్టి సీసాలో పోసి పట్టుకెళ్ళడం, అక్కడ అన్నం ఒక్కటే వండుకోవడం. వేయించిన రవ్వతో ఉప్మా, అటుకులు, చపాతీలు బాగా కుదురుతాయి. కొండ మీద పోపు పెట్టడం సరదాయే. నూనె చిట్లి చుట్టూ పడుతుంది, ఇంగువ వాసన ఫర్లాంగు దూరం పోతుంది, ఆ తర్వాత గిన్నె కడగాలి. పోపు ఇంట్లోనే కానిచ్చెయ్యమని మా సలహా.

స్టవ్ సంగతి. ఏషియన్ స్టోర్లలో దొరికే పొడవాటి బ్యూటేన్ డబ్బా పొద్దున చలికి మొండికేస్తుంది, ఎందుకంటే సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర్లో బ్యూటేన్ సరిగ్గా ఆవిరి కాదు. కారుతో వెళ్ళేవాళ్ళకి ఒక పౌండ్ ప్రొపేన్ సిలిండర్‌తో నడిచే రెండు బర్నర్ల స్టవ్ నయం. డబ్బా మీద నేరుగా బిగించే చిన్న స్టవ్ మీద వెడల్పాటి కుక్కర్ పెట్టి, చుట్టూ గాలికి అడ్డు కట్టకండి. వేడి కిందికి తన్ని డబ్బా పేలే ప్రమాదం ఉంది.

ఎలుగుబంటి

కాలిఫోర్నియా జెండా మీద ఉన్న గ్రిజ్లీ 1920లలోనే ఇక్కడ కనుమరుగైంది. ఇప్పుడున్నవి నల్ల ఎలుగుబంట్లు. వాటికి కావాల్సింది మీ తిండి. క్యాంప్‌గ్రౌండ్లలో ఇనప పెట్టెలు ఉంటాయి. వాసన వచ్చేదేదైనా అందులో పెట్టాలి: ఆవకాయ సీసా, నెయ్యి, మంచినీళ్ళు తప్ప మిగతా తాగేవన్నీ, టూత్‌పేస్ట్, కొబ్బరినూనె, బామ్, అగరుబత్తి, చెత్తసంచి. కారులో పెట్టడం పెట్టినట్టు కాదు, ఎలుగుబంటి తలుపు అంచు పట్టుకుని మడిచెయ్యగలదు. పిల్లల కార్‌సీట్ సందుల్లో ఇరుక్కున్న బిస్కెట్ ముక్కల్ని కూడా దులపండి. పెట్టె గొళ్ళెం పడిన చప్పుడు వినాలి, పక్కనే కూర్చుని ఉన్నా మూసే ఉంచాలి.

కారు వదిలి కొండల్లోకి నడిచి రాత్రి ఉండాలంటే విల్డర్‌నెస్ పర్మిట్ వేరే కావాలి. చాలా చోట్ల ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బా, అంటే బేర్ క్యానిస్టర్, కూడా తప్పనిసరి.

నిప్పు, నీళ్ళు, దొడ్డి

క్యాంప్‌గ్రౌండ్ బయట నిప్పుకే కాదు, గ్యాస్ స్టవ్‌కి కూడా కాలిఫోర్నియా క్యాంప్‌ఫైర్ పర్మిట్ ఉండాలి. ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తారు. వేసవి ముదిరాక కట్టెల మంట మీద నిషేధం తరచు వస్తుంది, బయల్దేరే రోజు చూసుకోండి. కట్టెలు దగ్గరి ఊళ్ళోనే కొనండి, దూరం నుంచి తెస్తే పురుగులు కూడా వస్తాయి. ఆర్పేటప్పుడు నీళ్ళు పోసి, పారతో కలిపి, మళ్ళీ పోసి, చేతి వెనకభాగం దగ్గర పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఇంకా ఆరలేదు. మట్టి కప్పేసి వెళ్ళిపోతే కింద నిప్పు గంటల తరబడి బతికే ఉంటుంది.

వాగు నీళ్ళు ఎంత తేటగా ఉన్నా, కడుపు చెడగొట్టే జియార్డియా అనే క్రిమి ఉండొచ్చు. ఫిల్టర్ చెయ్యండి, లేదా మరగడం మొదలయ్యాక మూడు నిమిషాలు కాచండి. 6,500 అడుగుల పైన ఒక్క నిమిషం చాలదు. సన్న గొట్టాల (హాలో ఫైబర్) ఫిల్టర్ ఒకసారి తడిశాక గడ్డకడితే లోపల చీలిపోతుంది, పైకి ఏమీ తెలియదు. రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోండి.

టాయిలెట్ లేనిచోట నీటికి 200 అడుగుల దూరాన ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గుంట తవ్వి, పని అయ్యాక పూడ్చాలి. కాగితం గుంటలో వెయ్యకూడదు, సంచిలో వెనక్కి తేవాలి. ఒక సీసా నీళ్ళు పట్టుకెళ్ళే మన అలవాటు ఇక్కడ బాగా కలిసొస్తుంది. అంట్లు కుళాయి దగ్గర కడగకండి. మెతుకులు వడగట్టి చెత్తలో వేసి, ఆ నీళ్ళని క్యాంప్‌గ్రౌండ్‌లో చెప్పిన చోట పొయ్యండి.

జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుముల వాన వస్తుంది. శిఖరాలకి, బోడి గట్లకి వెళ్ళేవాళ్ళు పొద్దున్నే బయల్దేరి పన్నెండు లోపు చెట్లు పెరిగే ఎత్తు కన్నా కిందికి దిగిపోవాలి. టెంట్ పిడుగుని ఆపదు. ఉరుము వినిపిస్తే కారులో కూర్చోండి.

తిరుగు రోజున ఫ్లై ఎండలో ఆరేదాకా ఆగండి. సమయం లేక తడిగా మడిచినా, ఇంటికెళ్ళిన రోజే గ్యారేజ్‌లో తాడు మీద వెయ్యండి. రెండు మూడు రోజులు సంచిలోనే ఉంటే బూజు వాసన పట్టి, లోపలి పూత జిగురెక్కి ఊడొస్తుంది. మేకులు లెక్కపెట్టుకుని కారెక్కండి, ఇసుకలో ఒకటైనా మిగిలిపోవడం మామూలే.