ఒక గిన్నె, ఒక సంచి, పది లీటర్ల బీరు

మొదటిసారి బార్లీ గింజలతో బీరు చేసిన రోజున మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మెల్‌బోర్న్‌లో మా ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం నిద్ర లేచి వంటింట్లోకి వస్తూనే, "హార్లిక్స్ కలిపావేంట్రా, ఎవరికి ఒంట్లో బాగాలేదు?" అని అడిగింది. ఆవిడ ముక్కు సరిగ్గానే పట్టుకుంది. హార్లిక్స్‌లోనూ బీరులోనూ ఉండే అసలు సరుకు ఒకటే: మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. దాన్నే మాల్ట్ అంటారు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి పిండి ఆడించే ఇంట్లో పెరిగినవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు.

అంతకుముందు రెండేళ్ళు నేను డబ్బాలో వచ్చే మాల్ట్ పాకంతోనే బీరు చేశాను. గింజల నుంచి చేయాలంటే మూడు పెద్ద పాత్రలు, పంపు, గొట్టాలు కావాలని విని వెనకాడాను. సంచి పద్ధతి తెలిశాక ఆ భయం పోయింది. ఇది పుట్టింది కూడా ఈ ఆస్ట్రేలియాలోనే, ఇంట్లో బీరు చేసుకునే మామూలు మనుషుల దగ్గరే. గింజల్ని గుడ్డసంచిలో పోసి వేడినీళ్ళలో నానబెట్టాలి, సంచి పైకి తీసేయాలి, అదే గిన్నెలో మరిగించాలి. టీ సంచిని కప్పులో ముంచి తీసినట్టే.

ముందు చట్టం సంగతి. ఇక్కడ సొంతానికి తాగే బీరు ఇంట్లో చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అమ్మకూడదు. బట్టీ పెట్టి సారా కాయడం మాత్రం లైసెన్సు లేకపోతే ఇక్కడా నేరమే. ఆంధ్రలో, తెలంగాణలో బీరైనా సరే లైసెన్సు లేకుండా తయారు చేయకూడదు, కాబట్టి అక్కడున్నవాళ్ళు చదివి ఊరుకోండి. మనవాళ్ళు "బీరు కాస్తున్నావా" అని అడుగుతుంటారు. కాచేది సారాని, ఆవిరి పట్టి చల్లార్చి దించుతారు. బీరుని పులియబెడతాం, కల్లులాగా. కల్తీసారా చావుల వార్తలు గుర్తుకొచ్చి మా మేనమామ ఫోన్లో చాలా కంగారుపడ్డాడు. ఆ చావులకు కారణం సారాలో కలిపే మిథనాల్. బార్లీ పులిస్తే ప్రాణం మీదికి వచ్చేంత మిథనాల్ పుట్టదు. ఆయనకి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

మొదటిసారికి పది లీటర్లు చాలు. ఇంటి గ్యాస్ పొయ్యి మీద అంతకన్నా ఎక్కువ మరగడం కష్టం. 20 లీటర్లు పట్టే స్టీలు గిన్నె, మూతతో సహా కావాలి. డిజిటల్ థర్మామీటరు తప్పనిసరి, ఇందులో డబ్బు మిగుల్చుకోవద్దు. ఇంకా హైడ్రోమీటరు (నీళ్ళలో చక్కెర ఎంత కరిగిందో చూపే పరికరం), ఎయిర్‌లాక్ (లోపలి గ్యాసుని బయటికి వదిలి, బయటి గాలిని రానివ్వని బిరడా) ఉన్న ప్లాస్టిక్ ఫర్మెంటరు, అంటే బీరు పులిసే డబ్బా, గ్రాముల్లో తూచే చిన్న కాటా. సరుకులు: పేల్ ఏల్ మాల్ట్ 2.2 కిలోలు, మీడియం క్రిస్టల్ మాల్ట్ 200 గ్రాములు, క్యాస్కేడ్ రకం హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే ఒక తీగ పూలు) 45 గ్రాములు, పులియబెట్టడానికి యూఎస్-05 ఈస్ట్ ఒక ప్యాకెట్. క్యాస్కేడే ఎందుకంటే, ప్యాకెట్ విప్పగానే పంపరపనస తొక్క గిల్లినట్టు వాసనొస్తుంది. ఆ వాసన మనకి తెలుసు కాబట్టి చివరికి గ్లాసులో వచ్చిందో లేదో మీరే చెప్పగలరు.

సంచికి గుడ్డ కర్టెన్లకు వాడే పల్చటి పాలియెస్టర్ వాయిల్. నూలుగుడ్డ వద్దు, అది నీళ్ళు పీల్చుకుంటుంది, వాసన కూడా పట్టేస్తుంది. సంచి గిన్నె లోపలంతా పరుచుకుని, అంచు మీదుగా బయటికి మడిచేంత పెద్దదిగా ఉండాలి. ఇరుకుగా ఉంటే గింజలు మధ్యలో ముద్దకట్టి లోపల పొడిగానే ఉండిపోతాయి. మా ఆవిడ మిషను మీద అరగంటలో కుట్టి ఇచ్చింది. కుట్టు రెండు వరసలు వేయించుకోండి. తడిసిన గింజలు నాలుగు కిలోల పైనే తూగుతాయి.

ఇప్పుడు గింజలు ఆడించడం. నా మొదటి బీరు ఇక్కడే దెబ్బతింది. కొట్టువాళ్ళు మరలో ఒకసారి వేసి ఇచ్చారు, నేను చూడకుండానే తెచ్చుకున్నాను. గ్రావిటీ, అంటే హైడ్రోమీటరు చూపించే చక్కెర లెక్క (ఉత్త నీళ్ళకి 1.000), 1.046 రావాల్సింది 1.034 దగ్గర ఆగిపోయింది, బీరు నీళ్ళనీళ్ళగా తయారైంది. తర్వాత సంచిలో మిగిలిన పిప్పిని వేళ్ళతో నలిపి చూస్తే సగం గింజలు చెక్కు చెదరకుండా ఉన్నాయి. పగలని గింజలోంచి తీపి బయటికి రాదు. సాధారణ పద్ధతిలో పొట్టే జల్లెడ పని చేస్తుంది గనక బరకగా ఆడిస్తారు. మనకి జల్లెడ సంచే, అందుకని ఇంకాస్త మెత్తగా ఆడించుకోవచ్చు. పొట్టు పొట్టుగా కనిపించాలి, లోపలి గింజ ఇడ్లీ రవ్వలా ఉండాలి. పిండి కొంత రాలినా ఫరవాలేదు. "సంచితో చేస్తున్నాను, రెండుసార్లు వేయండి" అని అడగండి, ఇంటికి తెచ్చేముందు గుప్పెడు తీసి చూసుకోండి. నాకు ఆ ఒక్క మార్పుతోనే తర్వాతిసారి 1.045 వచ్చింది.

నీళ్ళు మొత్తం ఒకేసారి పోస్తాం, 15.5 లీటర్లు. ఇందులో గింజలు లీటరున్నర పైన పీల్చుకుంటాయి, గంట మరిగితే మూడు లీటర్ల దాకా ఆవిరవుతుంది, చివరికి గిన్నెలో 11 లీటర్లు మిగలాలి. మెల్‌బోర్న్ కుళాయి నీళ్ళు మెత్తటివి, బీరుకి బాగా నప్పుతాయి. క్లోరిన్ మాత్రం తీసేయాలి, లేకపోతే బీరులో ఆసుపత్రి వాసన వస్తుంది. బీరు సరుకుల కొట్లో దొరికే క్యాంప్‌డెన్ బిళ్ళ (క్లోరిన్‌ని విరిచేసే సల్ఫైట్ బిళ్ళ) నాలుగోవంతు నలిపి కలిపితే సరి.

నీళ్ళు 69 డిగ్రీలకు వేడెక్కాక పొయ్యి ఆర్పేసి సంచి పరచండి. ఒకరు గింజలు సన్నటి ధారగా పోస్తుంటే ఇంకొకరు కలుపుతూ ఉండాలి, ఉప్మాలో రవ్వ పోసినట్టు. ఉండలు కడితే గరిటెతో చిదమండి. అంతా కలిశాక వేడి 66కి దిగాలి. ఈ అంకె దగ్గర మాత్రం పట్టుదలగా ఉండండి. గింజ మొలకెత్తేటప్పుడు తనకోసం తయారు చేసుకున్న ఎంజైములే పిండిని చక్కెరగా మారుస్తాయి. అన్నం ముద్ద చాలాసేపు నమిలితే నోట్లో తీపి పుడుతుందే, అదే పని. 60–65 డిగ్రీల మధ్య బీటా అమైలేజ్ చురుగ్గా ఉండి, ఈస్ట్ పూర్తిగా తినేసే చక్కెర ఇస్తుంది, బీరు పల్చగా వస్తుంది. 70 దగ్గర ఆల్ఫా అమైలేజ్‌ది పైచేయి, ఈస్ట్ తినలేని చక్కెరలు మిగిలి బీరు కాస్త చిక్కగా, తీపిగా ఉంటుంది. 66 దగ్గర రెండూ పని చేస్తాయి.

మూత పెట్టి, పొయ్యి ఆరిందని ఇంకోసారి చూసుకుని, గిన్నెకి పాత రజాయి చుట్టండి. గంట ఆగాలి. మధ్యలో ఒకసారి మూత తీసి కలిపి వేడి చూడండి. 64కి దిగితే చిన్న మంట మీద కలుపుతూ పెంచాలి. సంచి అడుగున ఆనితే కాలిపోతుంది కాబట్టి కింద ఒక చిల్లుల పళ్ళెం వేసి ఉంచండి.

ఈ గంటలో గిన్నెలో జరిగేది చూడ్డం నాకు చాలా ఇష్టం. మొదట్లో ఒక చెంచాడు తీసి చూస్తే బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా, మసకగా ఉంటుంది. నాలుక మీద పిండి రుచి, అంతే. పావుగంటకి మసక విరగడం మొదలవుతుంది. గంట నిండేసరికి చెంచాలో పల్చటి తేనెరంగు నీళ్ళు ఉంటాయి, వేళ్ళకి అంటుకుంటే జిగురు పడతాయి, రుచి చూస్తే తియ్యగా హార్లిక్స్. మీరు చక్కెర ఒక్క పలుకు కూడా వెయ్యలేదు. దీన్నే వర్ట్ అంటారు.

సంచి నాలుగు మూలలూ పోగుచేసి నెమ్మదిగా పైకెత్తండి. ఇద్దరుంటే నయం. గిన్నె మీద చిల్లుల బుట్ట పెట్టి అందులో కూర్చోబెట్టవచ్చు. శ్రీఖండ్‌కి పెరుగు మూట వేలాడదీసినట్టు పైన కొక్కేనికి కట్టినా సరే. తర్వాత రబ్బరు గ్లవ్స్ వేసుకుని బాగా పిండండి. పిండితే వగరు వస్తుందని కొందరు అంటారు. వగరు రావడానికి కారణాలు మితిమీరిన వేడి, నీళ్ళలో ఆమ్లం తగ్గిపోవడం. పిండడం వల్ల రాదు. నేను ప్రతిసారీ చివరి చుక్క దాకా పిండుతాను. పిప్పి అదే రోజు కంపోస్టులో వేయండి, మర్నాటికి పులిసి కంపు కొడుతుంది. కాస్త తీసి చపాతీ పిండిలో కలిపితే బాగుంటుంది.

ఇక మరిగించడం. తెర్లడానికి ముందు పాలు పొంగినట్టు నురగ ఒక్కసారిగా లేస్తుంది. ఆ ఐదు నిమిషాలు పొయ్యి దగ్గర నుంచి కదలొద్దు. మంట తగ్గించి, పక్కన చన్నీళ్ళు పెట్టుకుని చిలకరిస్తే దిగిపోతుంది. మూత మాత్రం పెట్టకండి. నురగ దిగాక 15 గ్రాముల హాప్స్ వేసి గంట లెక్క మొదలుపెట్టండి, చేదు వీటి నుంచే వస్తుంది. చివరి పది నిమిషాలు ఉందనగా ఇంకో 10 గ్రాములు. పొయ్యి ఆర్పేశాక మిగిలిన 20. ఇవి వాసన కోసం. వాడేసిన హాప్స్ కుక్కలకి విషం, పెరట్లో పారేయొద్దు.

ఇక్కడ నుంచి శుభ్రం ఒక్కటే చూసుకోవాలి. మరగక ముందు ఏ చెయ్యి పెట్టినా మరుగుతో పోతుంది. మరిగాక వర్ట్‌ని తాకే ప్రతిదీ, గరిటె, గొట్టం, ఫర్మెంటరు కుళాయి లోపలి సందు కూడా, ముందు కడిగి, తర్వాత శానిటైజరులో తడపాలి. మురికి ఉన్నచోట శానిటైజరు పనిచేయదు. స్టార్ శాన్ అయితే లీటరు నీళ్ళకి ఒకటిన్నర మిల్లీలీటర్లు. దాని నురగ మిగిలిపోయినా భయం లేదు, కడగొద్దు.

చల్లార్చడానికి గిన్నెకి మూతపెట్టి లాండ్రీ తొట్టిలో చన్నీళ్ళలో దించండి. నీళ్ళు మూడు నాలుగుసార్లు మార్చి, చివర్లో ఐసు వేయండి. 20 డిగ్రీలకి వచ్చాక ఫర్మెంటరులోకి ఎత్తు నుంచి పోయండి, టీ కొట్టులో టీ తిరగబోసినట్టు. ఈస్ట్‌కి మొదట్లో గాలి కావాలి. అడుగున ఉన్న మడ్డి వదిలేయండి. హైడ్రోమీటరు 1.046కి దగ్గరగా చూపిస్తే గింజలు బాగా ఆడినట్టే. ఈస్ట్ సగం ప్యాకెట్ పైన చల్లి మూత బిగించండి.

18 నుంచి 20 డిగ్రీల మధ్య రెండు వారాలు. ఇక్కడి ఎండాకాలంలో ఇల్లు 30 దాటుతుంది, ఆ వేడిలో పులిస్తే బీరులో ఘాటైన సారా వాసన దిగుతుంది. నేను ఫర్మెంటరుని నీళ్ళ తొట్టిలో నిలబెట్టి తడి తువ్వాలు చుడతాను, చివర్లు నీళ్ళలో ఉండేలా. కుండలో నీళ్ళు చల్లబడ్డట్టే ఇదీ చల్లబడుతుంది.

బుడగలు ఆగాయని సీసాల్లోకి పట్టొద్దు. గ్రావిటీ మూడు రోజుల తేడాలో రెండుసార్లు చూసి, రెండూ ఒకటే అయితేనే పట్టాలి. 1.011 దగ్గర ఆగితే మద్యం 4.6 శాతం ఉన్నట్టు. ఇంకా పులుస్తున్న బీరుని సీసాలో బిగిస్తే సీసా పేలుతుంది, గాజు పెంకులు గోడల్లో దిగుతాయి. మొదటిసారి ప్లాస్టిక్ సీసాలే వాడండి, నొక్కి చూస్తే గ్యాసు ఎంత పట్టిందో కూడా తెలుస్తుంది. 10 లీటర్లకి 65 గ్రాముల పంచదార, కప్పు నీళ్ళలో మరిగించి చల్లార్చి కలపాలి. కలిపేటప్పుడు చప్పుడు కాకుండా, గాలి కలవకుండా. మొదట్లో గాలి కావాలన్నాను కదా, ఇప్పుడు అదే గాలి బీరుని అట్టముక్క రుచికి దించుతుంది. 750 మిల్లీలీటర్ల సీసాలు పన్నెండు పదమూడు నిండుతాయి.

వెలుతురు తగలని చోట రెండు వారాలు, తర్వాత రెండు రోజులు ఫ్రిజ్‌లో నిలబెట్టాలి. అడుగున ఈస్ట్ పల్చటి పొరలా పేరుకుంటుంది. సీసా వంచితే మళ్ళీ ఎత్తకుండా ఒకే ధారగా రెండు గ్లాసుల్లోకి పోసేసి, ఆ అడుగు ఒక వేలు మందం వదిలేయండి. సీసా అప్పుడే కడిగేసుకోండి. ఆ పొర ఎండితే బ్రష్ పెట్టినా ఊడదు.