పేటెంట్ లెక్కలు చదవడం - 3వ పాఠం: వాతావరణ ఆవిష్కరణలు ఏ దేశంలో పుడుతున్నాయి?

గత పాఠంలో, పేటెంట్లు వెతకడానికి యూరోపియన్ పేటెంట్ ఆఫీసు నడిపే సైటు ఎస్పాస్‌నెట్‌లో దరఖాస్తుదారు పేరుతో వెతకడం చూశాం. ఈసారి కరవు, ముంపు, వడగాడ్పులను తట్టుకోవడానికి పుట్టిన ఆవిష్కరణలను దేశాలవారీగా లెక్కిద్దాం. వెతకడం పది నిమిషాల పని. తిప్పలన్నీ లెక్కలోనే.

మాటలతో వెతకొద్దు. 'ఫ్లడ్' అని కొడితే వరదతో పాటు ఫ్లడ్ లైట్లూ వచ్చి పడతాయి. యూరోపియన్ పేటెంట్ ఆఫీసు వాతావరణానికి సంబంధించిన పత్రాలకు 'వై02' అనే గుర్తు వేస్తుంది. దాని వెనక ఇ ఉంటే ఇంధనం, టి ఉంటే రవాణా, ఎ ఉంటే మారిన వాతావరణానికి సర్దుకునే పద్ధతులు. మనకు కావలసింది ఎ. సోలార్, బ్యాటరీల పరిశోధనను ప్రభుత్వ రాయితీలు, చమురు ధరలు కూడా నడిపిస్తాయి కాబట్టి, ఇ గుర్తున్న పత్రాల్లో వాతావరణం ఎంత కదిలించిందో విడదీయడం కష్టం.

వ్యవసాయానికి వై02ఎ 40/10 కొట్టండి (ఇంగ్లిషు అక్షరాల్లో). చివర ఇంకో స్లాష్ గీసి ఎల్ఓడబ్ల్యూ చేరిస్తే దాని కింది ఉపవిభాగాలూ వస్తాయి. అది మరిస్తే సగం పంట కళ్లంలోనే వదిలేసినట్టు.

ఇక లెక్క. ఒకే ఆవిష్కరణకు అమెరికా, యూరప్, జపాన్, చైనా, భారత్‌లలో దరఖాస్తు పెడితే పత్రాలు 5, ఆవిష్కరణ 1. ఈ గుంపును పేటెంట్ ఫ్యామిలీ అంటారు. లెక్కించాల్సింది ఫ్యామిలీలనే. ఏ దేశం ఖాతాలో వేయాలన్నది ఆవిష్కర్తల చిరునామా చెబుతుంది, దాఖలైన ఆఫీసు కాదు. భారత్‌లో దాఖలైందంటే ఇక్కడ పుట్టిందని కాదు, ఇక్కడి మార్కెట్లో రక్షణ కోరారని. ముగ్గురు ఆవిష్కర్తల్లో ఇద్దరు జర్మనీలో, ఒకరు హైదరాబాద్‌లో ఉంటే జర్మనీకి 0.67, భారత్‌కు 0.33.

చైనా పత్రాల్లో నంబరు చివర 'యు' ఉన్నవి యుటిలిటీ మోడళ్లు, అంటే చిన్నపాటి మెరుగులకు ఇచ్చే రక్షణ. వీటికి పేటెంటుకు చేసేంత లోతైన పరిశీలన ఉండదు. తీసేయకపోతే గ్రాఫులో చైనా గీత ఆకాశానికి లేస్తుంది. కనీసం రెండు ఆఫీసుల్లో దాఖలైన ఫ్యామిలీలనే ఉంచితే చిన్నాచితకా చాలావరకు పోతాయి. కానీ విదేశంలో దాఖలు చేయడానికి డబ్బు కావాలి గనక, ఆ జల్లెడలో పేద దేశాలవి ఎక్కువగా రాలిపోతాయి. అందుకే రెండు రకాలుగా లెక్కించి పక్కపక్కన పెట్టుకోండి.

గ్రాఫు చివర్లో గీత పడిపోతే కంగారు వద్దు. దరఖాస్తు సాధారణంగా 18 నెలల తర్వాతే బయటికొస్తుంది. చివరి మూడేళ్లు కోసేయండి. చిన్న దేశాలకు ఏడాది లెక్కలు పనికిరావు: దేశం మొత్తం 20 ఫ్యామిలీల్లో వాతావరణానిది ఒకటైతే 5 శాతం, మరుసటి ఏడు మూడు వస్తే 15 శాతం. 'మూడు రెట్ల వృద్ధి' కాదది, ఇద్దరు శాస్త్రవేత్తల పని. ఐదేళ్లకో మూట కట్టండి.

ఇంత చేసినా ఈ లెక్కకు కనబడనిది ఒకటుంది. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరులో పుట్టిన స్వర్ణ (ఎంటీయూ 7029) వరికి, ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్13ఎ వరి రకంలోని, ముంపును తట్టుకునే సబ్1 జన్యుభాగాన్ని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చేర్చింది. దాదాపు రెండు వారాలు నీట మునిగినా తేరుకునే స్వర్ణ సబ్1 భారత్‌లో 2009లో విడుదలైంది. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(జె) ప్రకారం మొక్కలకు, విత్తనాలకు పేటెంట్ లేదు. జన్యువు మీద ఎక్కడైనా దరఖాస్తు ఉన్నా, పొలానికి చేరిన వంగడం మాత్రం పేటెంట్ పట్టికలో సున్నా. విత్తనం కొనే స్తోమత ఉన్న రైతులున్నచోట కంపెనీలు వేడిని తట్టుకునే విత్తనాల మీద పనిచేస్తాయి. జొన్న, సజ్జ, కర్రపెండలం లాంటి పంటలకు ఎక్కువగా ప్రభుత్వ, అంతర్జాతీయ సంస్థలే దిక్కు, వాటి ఫలితం వంగడంగా వస్తుంది. అమెరికా పంటల మీద ఆర్థికవేత్తలు మోస్కోనా, శాస్త్రి చేసిన పరిశోధన కూడా కొత్త వంగడాల జాబితాను లెక్కించింది. వేడి దెబ్బ ఎక్కువ తగిలిన పంటల వైపు పరిశోధన మళ్లిందని అందులో తేలింది.

కాబట్టి మీ పట్టికలో రెండో నిలువు వరుస గీయండి: 2001 నాటి మొక్కల వంగడాల, రైతు హక్కుల రక్షణ చట్టం కింద నమోదైన వంగడాలు, కేంద్రం నోటిఫై చేసిన వంగడాలు. ఒకటే వంగడం రెండు జాబితాల్లోనూ ఉండొచ్చు, పేరు చూసి ఒక్కసారే లెక్కించండి.

అభ్యాసం: 2006-10, 2011-15 మూటలకు భారత్, జర్మనీల వ్యవసాయ ఫ్యామిలీలు లెక్కించి, ఆ దేశాల మొత్తం ఫ్యామిలీల్లో ఎంత శాతమో రాయండి. వచ్చే పాఠంలో ఈ శాతాల పక్కన ఉష్ణోగ్రత లెక్కలు చేరుద్దాం.