కోచింగ్‌కి డబ్బు కట్టే ముందు ఒక రోజు వెళ్లి చూడండి

డిగ్రీ అయిపోయి ఏ దారిన పోవాలో తేలక టెన్షన్ పడుతున్న పిల్లలకు ఒక మాట. మీరు అనుకుంటున్న పని చేసేవాళ్ల వెంట ఒక పూర్తి రోజు ఉండండి, పని మొదలైనప్పటి నుంచి ముగిసే దాకా.

మా చిన్నాన్న కొడుకు బీఎస్సీ చేసి, అందరూ చెప్పారని నెల్లూరులో రెండేళ్లు బ్యాంకు పరీక్షలకు చదివాడు. మనసు నిలవలేదు. అల్లూరు వైపు తెలిసినాయన రొయ్యల గుంటల దగ్గర ఒక రాత్రి ఉండి రమ్మన్నాను. తెల్లవారుజామున నాలుగింటికి ఆక్సిజన్ కొలిచే మీటరును నీళ్లలో ముంచి చూశారట. రాత్రంతా నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి పొద్దు పొడిచే ముందే అది బాగా పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే దిగకుండా ఏరియేటర్లు, అంటే నీళ్లలో గాలి కలిపే యంత్రాలు, తిప్పాలి. తర్వాత చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూడటానికి గుంటలో దించి ఉంచే పళ్లెం) పైకి లాగి, మేత మిగిలిందా, రొయ్య పేగు నిండిందా అని టార్చి వెలుగులో చూశారు. వీడు నిద్ర సంగతే మరిచిపోయి ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. ఇప్పుడు నీటి పరీక్షల ల్యాబ్‌లో పని నేర్చుకుంటున్నాడు. జీతం ఇంకా తక్కువే, కానీ పొద్దున్నే ఎవరూ లేపనక్కర్లేదు.

వెళ్లొచ్చిన రాత్రే నోట్‌బుక్‌లో రెండు రాయండి: ఎక్కడ టైం తెలియలేదు, ఎక్కడ విసుగొచ్చింది. ఆ విసుగు పని రోజూ ఉండేదేనా అని వాళ్లనే అడగండి. జీతం గురించి కూడా మొహమాటపడకుండా అడగండి. కృష్ణపట్నం పోర్టు, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లాంటి చోట్లకు ఊరికే వెళ్లడం కుదరదు. అక్కడ పనిచేసే బంధువునో, ఊరివాళ్లనో సెలవు రోజున కలిసి, నిన్న గంట గంటకీ ఏం చేశారో చెప్పించుకోండి.