బావుల్ పాటకు బ్యాండు – 4వ పాఠం: దాద్రా క్లిక్, నిషాదంతో పేచీ

కిందటి పాఠంలో ఏక్‌తారా (ఒంటి తీగ వాద్యం) శ్రుతి మీద గొంతు ఒక్కటే, క్లిక్ (తాళం కొలిచే టిక్ టిక్ శబ్దం) లేకుండా రికార్డు చేశాం. ఇప్పుడు ఆ గొంతు కిందికి డ్రమ్స్, గిటార్ తెస్తాం. బంగ్లాదేశ్‌లో 2022 ఫిబ్రవరిలో మొదలైన కోక్ స్టూడియో బంగ్లా అనే సంగీత కార్యక్రమం తొలి పాటలోనే హాజంగ్ అనే గిరిజన భాష పాటకు బంగ్లా పాటను జత చేశారు. అంత దూరం వెళ్లే ముందు ఒక్క బావుల్ పాటను (బెంగాల్ సంచార గాయకుల జానపద పాటను) చెడగొట్టకుండా బ్యాండుతో నిలబెట్టడం రావాలి.

బావుల్ పాటలు ఎక్కువగా దాద్రా తాళంలోనో కహర్వా తాళంలోనో నడుస్తాయి. మనది దాద్రా. ఆరు మాత్రలు, మూడు మూడుగా: ధా ధిన్ నా, ధా తిన్ నా. తకిట తకిట అనుకుంటే సరిపోతుంది. ఒకటో మాత్రకు చప్పట్టు, నాలుగో మాత్రకు చెయ్యి విసరడం. గొంతు ట్రాక్ పెట్టుకుని అర నిమిషంలో ఎన్ని ఆవర్తాలు (ఆరు మాత్రల చుట్లు) వచ్చాయో లెక్కపెట్టండి. 20 వచ్చాయనుకుందాం. నిమిషానికి 40 ఆవర్తాలు, అంటే 240 మాత్రలు, 80 తకిటలు.

చాలామంది తప్పటడుగు వేసేది సరిగ్గా ఇక్కడే. 6/8 (ఆరు మాత్రల పాశ్చాత్య తాళం గుర్తు) పెట్టి టెంపో గడిలో 80 కొట్టేస్తారు. చాలా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు టెంపోను రెండేసి మాత్రల లెక్కన కొలుస్తాయి, కాబట్టి అక్కడ పడాల్సింది 120. అది సరిచేసినా ఇంకో తిరకాసు మిగులుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో క్లిక్ 1, 3, 5 మాత్రల మీద మోగుతుంది. డ్రమ్మర్ చెవికి అది రెండు రెండుగా వినిపించి, మూడు దెబ్బల వాల్ట్జ్ వాయించేస్తాడు. పాడేవాళ్ల రెండో ధా రెండు క్లిక్‌ల మధ్య వేలాడుతుంది. అందుకని సాఫ్ట్‌వేర్ క్లిక్ ఆపేసి, 1, 4 మాత్రల మీద మాత్రమే మోగే క్లిక్ ట్రాక్‌ను మీరే చేసుకోండి.

గొంతు టెంపో అక్కడక్కడా జారుతుంది, జారాలి కూడా. గొంతును కోసి సాఫ్ట్‌వేర్‌లోని తాళం గీతలకు అతికించకండి. ప్రతి నాలుగు ఆవర్తాలకు ఒక గుర్తు పెట్టి, టెంపోనే గొంతు వెంట నడపండి.

డ్రమ్స్‌లో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) ఒకటి మీద, స్నేర్ (చిన్న డ్రమ్ము) నాలుగు మీద, హై-హ్యాట్ (జంట తాళాలు) ఆరు మాత్రలకూ మెల్లగా. ఊపు కావాలంటే ఆరో మాత్ర మీద చిన్న కిక్ కలపండి. బావుల్ గాయకులు ఒక చేత్తో ఏక్‌తారా మీటుతూ, నడుముకు కట్టుకున్న డుగ్గీ అనే చిన్న డ్రమ్మును రెండో చేత్తో వాయిస్తారు. ఆ డుగ్గీ, మీ కిక్ రెండూ ఒకటో మాత్ర మీదే దిగి, 30 మిల్లీసెకన్లు అటూ ఇటూ అయ్యాయంటే ఒక దెబ్బ రెండు దెబ్బలుగా చెవికి తగులుతుంది. చరణంలో డుగ్గీ ఒక్కదాన్నే ఉంచి, పల్లవికి కిక్ తెస్తే ఈ గొడవ తీరిపోతుంది.

ఇక కార్డులు, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపులు. షడ్జమం సి అనుకుందాం. ఈ పాటల్లో చాలావాటిలో రెండు నిషాదాలూ తిరుగుతాయి. పైకి వెళ్లేటప్పుడు కాకలి (బి), దిగేటప్పుడు కైశికి (బి ఫ్లాట్) రావడం తరచుగా కనిపిస్తుంది. గిటారిస్టు అలవాటు కొద్దీ జి మేజర్ పట్టుకుంటాడు. అందులో బి ఉంది, గొంతు బి ఫ్లాట్ మీద దిగుతోంది. పక్కపక్క స్వరాలు రెండూ ఒక్కసారి మోగితే గొంతే అపశ్రుతి పాడినట్టుంటుంది, పాపం తప్పు గిటార్‌ది. కైశికి వచ్చే చోట బి ఫ్లాట్ మేజర్ గానీ జి మైనర్ గానీ వేయండి. అనుమానంగా ఉంటే గాంధారం లేకుండా స, ప మాత్రమే మోగించండి. నన్నడిగితే సగం పాటకు అదే చాలు. ప్రతి ఆవర్తానికీ కార్డు మార్చడం వల్ల ఏక్‌తారా శ్రుతికి పనే లేకుండా పోతుంది.

దొతారా (తీగలు మీటే జానపద వాద్యం) ఉంటే గిటార్ స్ట్రమ్మింగ్ మానేసి తీగలు విడివిడిగా మీటండి. రెండూ ఒకే ఎత్తులో గీకితే పదాలు వినపడవు. ఒకదాన్ని కుడికి, ఇంకోదాన్ని ఎడమకు జరిపినా కొంత నయం.

అభ్యాసం: ఒక పల్లవి, ఒక చరణం తీసుకోండి. నిషాదం తగిలిన ప్రతి చోటా అది కాకలా, కైశికా అని సాహిత్యం మీద రాసుకుని, ఆ తర్వాతే గిటార్ ముట్టుకోండి. వచ్చే పాఠం ఖమక్ అనే తీగ వాద్యం, బేస్ గిటార్ గురించి. ఖమక్ తీగను లాగినప్పుడు స్వరం జారుతూ పోతుంది కాబట్టి, కిందనే బేస్ పొడుగ్గా పట్టుకుని ఉంటే రెండూ బురదగా కలిసిపోతాయి. అప్పటిదాకా బేస్ జోలికి వెళ్లకండి.